పదకొండు పైపుల మలారం

కర్నూలులోని ఆ సర్వీస్ సెంటర్ అద్దాల గదిలో ఏసీ చల్లగా వీస్తోంది. మహబూబ్ బీకి మాత్రం ఒళ్ళు మండిపోతోంది.

"ఇంకోసారి చదువు పాపా," అంది.

కౌంటర్ వెనక కూర్చున్న శివజ్యోతి జాబ్ కార్డును మళ్ళీ చేతిలోకి తీసుకుంది. ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగు చేసి, ఈసారి ఇంకాస్త చిన్న గొంతుతో చెప్పింది. "రేడియేటర్లో కూలెంట్‌కు బదులు బోరు నీళ్ళు పోశారు. డ్రైవర్ నిర్లక్ష్యం వల్ల ఇంజిన్ పాడైంది. వారంటీ వర్తించదు. ఈ మోడల్లో ఇలాంటి సమస్య మరే బండికీ లేదు."

నిర్లక్ష్యమట! ఎవరికి? తన కొడుకు అక్బర్‌కా? రోజూ పొద్దున్నే నాలుగు టైర్లూ చేత్తో తట్టి చూసుకుని, బిస్మిల్లా అనుకోనిదే తాళం తిప్పనివాడికి నిర్లక్ష్యమట. ఉల్లిగడ్డల మూటలు రెండు ఎక్కువ వేస్తే, సాటి డ్రైవర్లు నవ్వుతున్నా సరే, రైతుతో జగడమాడి దింపించేవాడికి నిర్లక్ష్యమట. కాగితం మీద అచ్చుకొట్టేవాళ్ళకు నాలుకలు ఎంత తేలిగ్గా తిరుగుతాయో చూడండి.

పికప్ బండి మహబూబ్ బీ పేరు మీద ఉంది కాబట్టి ఆమెనే రమ్మన్నారు. రమ్మని రెండు గంటలు సోఫాలో కూర్చోబెట్టారు. ఆమె ఊరికే కూర్చునే మనిషి కాదు. ముప్పై ఏళ్ళుగా ఆలూరు చుట్టుపక్కల పల్లెలు కాలినడకన తిరిగి గాజులమ్ముతోంది. ఎక్కడికి వెళ్ళినా బుట్ట, భుజాన తాడుకు గుచ్చిన గాజుల మలారం వెంట ఉండాల్సిందే. శివజ్యోతి బోసి చేతులు చూసి ఆగలేక, కౌంటర్ దగ్గరికి వెళ్ళి పిల్ల చెయ్యి పట్టుకుని, వేళ్ళు దగ్గరికి నొక్కి, ఆకుపచ్చ గాజులు ఎక్కించింది. నాలుగోది మెటిక దగ్గర టప్పుమంది.

"అయ్యో, దానికి కూడా ఇస్తాను," అంటూ పర్సు తీయబోయింది శివజ్యోతి.

మహబూబ్ బీ నిజంగానే నొచ్చుకుంది. "నా చేతిలో ఉండంగ పగిలింది నాది పాపా. నీ చెయ్యి లావుండాదనో, నువ్వు కదిలినావనో అంటే అది యాపారమా? తొడిగి చెయ్యి వదిలినాంక పగిలితే నీది. అంతదాంకా నాదే."

గాజులమ్మేవాళ్ళ కట్టుబాటు అది. ముప్పై ఏళ్ళలో ఆమె చేతుల్లో పగిలిన గాజులన్నీ పోగేస్తే ఒక బండెడు అవుతాయి. ఒక్కదానికి కూడా ఏ ఆడపిల్ల చేతినీ తప్పుపట్టలేదు. అందుకే ఆ కాగితంలోని మాట ఆమెకు అంతగా కాలింది.

చివరికి సర్వీస్ మేనేజర్ అరుణ్ కుమార్ పిలిచాడు. ఇస్త్రీ చొక్కా నలగకుండా కూర్చునే మనిషి. మాట కూడా నలగనివ్వడు.

"చూడండమ్మా. ఇంజిన్ కూలెంట్ మీద నడవాలి. మీవాడు బోరు నీళ్ళు పోశాడు. ఆ ఉప్పంతా లోపల పేరుకుంది. వేడెక్కి హెడ్ పోయింది. దానికి కంపెనీ ఏం చేస్తుంది?"

"ఊరికే ఎవురన్నా నీళ్ళు పోస్తారా సార్? మీరు పోసిన పచ్చనీళ్ళు అయిపోయినాయనే గదా పోసినాడు. అవి యాడికి పోయినాయో చెప్పల్ల గదా మీరు. బండి తాగేసెనా?"

"నడపడం సరిగ్గా రాకపోతే అన్నీ అయిపోతాయి."

"నా కొడుకు పన్నెండేండ్లాయె స్టీరింగ్ పట్టబట్టి. అంతకుముందు నడిపిన బండ్లు ఒక్కటీ చెడలేదు."

అరుణ్ కుమార్ చిన్నగా నవ్వాడు. "ఇదే మోడల్ బండ్లు జిల్లా అంతా తిరుగుతున్నాయి. ఎవరి దగ్గరనుంచీ కంప్లైంట్ లేదు. మీ ఒక్కరిదే వచ్చింది. మరి తప్పు బండిదా, మీవాడిదా? మీరే చెప్పండి."

ఎంత నోరున్న మనిషైనా, అందరి బండ్లూ బాగున్నాయంటే ఏమనగలదు? మహబూబ్ బీ బుట్ట ఎత్తుకుని బయటికి వచ్చింది.

అక్బర్ లోపలికే రాలేదు. గేటు పక్కన గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. ముప్పై రెండేళ్ళవాడు, పదేళ్ళు పైబడినట్టున్నాడు.

"ఏమనిరి?"

"నీ తప్పే అంటాండారు. నాలుగు కడిగొద్దునే గాని..."

"నాదే లేమ్మా," అన్నాడు అక్బర్. "కడిగేదానికేముంది. పత్తికొండ దాటినాంక ఎక్కుడులో వేడి కాటా ఎర్రగీతకు పోయింది. డబ్బాలో పచ్చనీళ్ళు చుక్క లేవు. లోడు ఎండలో ఉండాది. పక్కన తోటలో బోరు పోతాండ్య. పోసినా. పొయ్యకుండ ఉండల్సింది."

"ఒకసారేనా?"

అక్బర్ తల దించుకున్నాడు. "ఎనిమిది నెల్లనుంచి పోస్తాండా. సర్వీసుకు వచ్చినప్పుడల్లా చెప్పినా. ఏమీ లేదు, కూలెంట్ నింపినాము, పో అనిరి. బయట మెకానిక్ చెయ్యి పెడితే వారంటీ పోతాది అనిరి. సరేలే అని యాడా చూపించలేదు."

అంతటితో ఆగితే బాగుండేది. "తుమ్మలపల్లె గనిలో పనికి కాంట్రాక్టరు మనుషుల్ని తీసుకుంటాండాడంట," అన్నాడు. "మంగళవారం జీపు వస్తాది. పేరు ఇచ్చినా. బండి ఈడనే పెట్టుకోనీలే. నా చేతికి బండి అచ్చిరాదమ్మా."

అలా అంటూ తన రెండు చేతుల వంక చూసుకున్నాడు, అవి వేరే ఎవరివో అన్నట్టు. బండి పోతే పోయిందనుకోగలదు మహబూబ్ బీ. మొగుడు పోయాక ఒక్క బుట్టతో సంసారం ఈదిన మనిషి. కానీ కన్న కొడుకు తన పనితనాన్ని తానే నమ్మని స్థితికి వచ్చాడే, అది మాత్రం ఆమె దిగమింగుకోలేకపోయింది. ఆ రోజు బుధవారం. ఆ కాగితం మీద ఆ మాట కొట్టివేయించాలంటే మంగళవారం లోపల కొట్టివేయించాలి.

మరునాడు పొద్దున ఊరి కుళాయి దగ్గర నరసన్న కనిపించాడు. నరసన్నదీ అదే పికప్, అదే రంగు. ఇరవై లీటర్ల క్యాన్లు రెండు నింపుకుంటున్నాడు.

"ఏమప్పా నరసన్నా, ఇన్ని నీళ్ళు ఎవురికి?"

"తాగనీకె పెద్దమ్మా."

ఒక్క మనిషి ఆలూరు నుంచి కర్నూలు పోయి వచ్చేలోపల నలభై లీటర్ల నీళ్ళు తాగుతాడట! మహబూబ్ బీ బండి చుట్టూ ఒకసారి తిరిగి చూసింది. నరసన్న మార్కెట్‌కు ఆలస్యంగా వచ్చినప్పుడల్లా పంచరైంది అంటాడని ఊరందరికీ తెలుసు. పోయిన నెలలోనే నాలుగుసార్లు పంచరు. కానీ బండి కింద స్టెప్నీ టైరు చూస్తే, కొన్ననాటి కాగితం చీటీ దానికి అంటుకునే ఉంది. దాని బోల్టుల మధ్య సాలీడు గూడు కట్టుకుని హాయిగా ఉంది.

అక్బర్ కూడా పంచరనే చెప్పేవాడు. ఆ మాట ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది.

ఇక్కడ పికప్ డ్రైవర్ల సంగతి తెలియనివాళ్ళకు ఒక ముక్క చెప్పాలి. బండి దారిలో నిలబడిపోతుందని పేరు పడితే రైతు ఉల్లిగడ్డ ఎత్తడు. ఒకసారి సరుకు ఎండలో ఉడికిందంటే మరుసటి రోజు ఆ రైతు ఇంకో బండిని పిలుస్తాడు. అందుకని ఇంజిన్ చెడిందని పక్కవాడితో కూడా అనరు. పంచరైంది అంటారు. పంచరు ఎవరికైనా అవుతుంది, అందులో పరువు పోయేదేం లేదు. యార్డులో పక్కపక్కన బండ్లు నిలబెట్టుకుని, ఒకే బీడీ పంచుకుని తాగే మనుషులు ఎవరికి వారు తన ఒక్కడికే ఈ రోగం వచ్చిందని లోలోపల కుమిలిపోతున్నారు. కంపెనీవాడికి అంతకంటే ఏం కావాలి?

మగవాళ్ళు చెప్పరని తేలిపోయింది. మహబూబ్ బీ బుట్ట నెత్తిన పెట్టుకుని నేరుగా నరసన్న ఇంటికి నడిచింది. గాజులు తొడిగించుకునేటప్పుడు ఆడవాళ్ళు చెప్పని సంగతంటూ ఉండదు. చెయ్యి ఒకరి చేతిలో పెట్టి కూర్చున్నాక నోరు దానంతట అదే తెరుచుకుంటుంది.

నరసన్న భార్య సోమక్క రెండో గాజుకే కళ్ళు తుడుచుకుంది. "ఎవురికీ చెప్పొద్దు అన్నాడు పెద్దమ్మా. బండి కొన్న మూడో నెలకే పైపు పగిల్య. కంపెనీకి తీస్కపోతే నీకు నడపను రాదు అనిరంట. సిగ్గుపడి ఇంటికొచ్చి అన్నం తినలే. మల్ల ఆలూరులో మెకానిక్ తిమ్మన్న దగ్గర ఏసుకొచ్చినాడు. ఈ పైపు కాకపోతే ఇంకో జాయింటు కారతానే ఉండాది."

"నీకు నడపను రాదు అనిరా? నరసన్ననా?"

"అవు. మన ఊర్లో ఇంకెవురికీ కాలేదు, మాకే అయ్యింది. దిష్టి తగిలిందని బూడిద గుమ్మడికాయ గూడా కట్టించినా."

మహబూబ్ బీ సోమక్క చెయ్యి వదిలి లేచి నిలబడింది. ఎవరిని తిట్టాలో తెలియక ఆకాశంకేసి చూసి తిట్టింది. ఇంటి ముందు గుమ్మడికాయ వేలాడుతోంది పాపం, అది మాత్రం ఏం చేస్తుంది!

గురు, శుక్రవారాలు రెండూ ఆమె తిరుగుతూనే ఉంది. పికప్ ఉన్న ఇల్లు ఎక్కడుందో గాజులమ్మకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? మొలగవల్లిలో ముగ్గురు, హత్తిబెళగల్‌లో నలుగురు, ఆలూరు టౌనులో ఇంకో ముగ్గురు. ప్రతి ఇంటా గాజులు తొడిగింది, ప్రతి ఇంటా అదే కథ విన్నది. ఎక్కుడులో బండి లాగదు. తెల్లపొగ వస్తుంది. డబ్బాలో నీళ్ళు మాయమవుతాయి. కంపెనీకి పోతే నీ ఒక్కడికే అన్నారు. మొలగవల్లి శివలీల మొగుడైతే బండి మీద మనసు విరిగి మాట్లాడటమే మానేశాడట. అందరూ చివరికి చెప్పింది ఒక్కటే మాట: తిమ్మన్న దగ్గర పైపు వేయించుకున్నాం, ఎవరికీ చెప్పొద్దు.

శనివారం పొద్దున ఆలూరులో తిమ్మన్న షెడ్డు ముందు బుట్ట దించింది. తిమ్మన్న అరవై ఏళ్ళ మెకానిక్. ఏ పాత సామానూ పారేయడు. షెడ్డు గోడకు మేకులు, మేకులకు పాత బెల్టులు, గొలుసులు, రబ్బరు వాషర్లు.

"తిమ్మన్నా, కొత్త పికప్పులకు పైపులు మార్చినావంట గదా. పాతవి ఉండాయా?"

తిమ్మన్న మొహం మాడిపోయింది. "ఎవురు చెప్పిరి? కంపెనీకి తెలిస్తే ఆ డ్రైవర్ల వారంటీ పోతాది బీబమ్మా. నా పేరు ఎత్తొద్దు."

"నీ పేరు ఎత్తను. పైపులు చూపించు."

మూలనున్న మేకు నుంచి దించి కింద పోశాడు. నల్ల ప్లాస్టిక్ పైపులు. జానెడు పొడవు, మధ్యలో మోచేయిలా వంపు. నీళ్ళ పంపు నుంచి ఇంజిన్‌లోకి కూలెంట్ పోయేది దీంట్లోంచేనని తిమ్మన్న చెప్పాడు. మహబూబ్ బీ గొంతుక్కూర్చుని ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుంది. గాజు గీత పడిందో లేదో వెలుతురుకు ఎత్తి చూసే అలవాటున్న కళ్ళు. మొదటిది వంపు లోపలి వైపు చీలింది. రెండోదీ అక్కడే. మూడోదీ అక్కడే. పదకొండూ చూసింది. పదకొండూ ఒకే చోట, ఒకే పొడవున చీలి ఉన్నాయి.

"తిమ్మన్నా, గాజులు తొడిగేటప్పుడు ఒక్కో చేతికి ఒక్కో చోట పగులుతాయి. ఒకే మలారంలో గాజులన్నీ ఒకే చోట చిట్లినాయంటే చేతుల తప్పా, కొలిమి తప్పా?"

"కొలిమిదే," అన్నాడు తిమ్మన్న. గోరుతో ఒక పైపు గీకి చూపించాడు. "ఇది చూడు. చీలిక చుట్టూ పచ్చగా గట్టిగట్టింది. కంపెనీవాళ్ళు పోసే కూలెంట్ పచ్చగుంటాది. బోరు నీళ్ళతో పగిలింటే తెల్లగ ఉప్పు పట్టల్ల. అంటే పైపు పగిలిన్నాడు లోపల ఉన్నింది కూలెంటే. నీళ్ళు పోసింది దాని తరువాత."

"ఇదంతా నీకు తెలుసు."

"తెలుసు."

"తెలిసి గూడ సంవత్సరం నుంచి మేకుకు తగిలించుకోని చూస్తా కూర్చున్నావా?"

ఆ మాటలో ఎంత కోపముందో తిమ్మన్నకు తగిలింది. చేతులు గుడ్డకు తుడుచుకుంటూ అన్నాడు: "కంపెనీవాళ్ళు సూటేసుకోని ఉంటారు. నేను పదో తరగతి తప్పినోడిని. నేను చెప్తే ఎవురింటారు బీబమ్మా? వచ్చినోడల్లా ఎవురికీ చెప్పొద్దనే చెప్పిపాయ. నేనూ మూసుకోనుంటి."

అదీ నిజమే. మహబూబ్ బీ కోపం చల్లారలేదు గానీ, దాన్ని తిమ్మన్న మీద నుంచి తీసి దాచుకుంది. బుట్టలోంచి గాజులు గుచ్చే తాడు తీసి, పదకొండు పైపులనూ వరసగా గుచ్చి ముడి వేసింది. ఎప్పుడూ గాజుల మలారం వేలాడే భుజానికి ఆ నల్ల మలారం తగిలించుకుంది.

సోమవారం అక్బర్‌ను బలవంతంగా వెంటబెట్టుకుని కర్నూలు బస్సెక్కింది. వాడు దారంతా ఒక్కటే మాట. "వాళ్ళు మాట్లాడితే మనం నిలబడలేమమ్మా."

సర్వీస్ సెంటర్ ముందు ఆ రోజు సందడిగా ఉంది. కోడుమూరు నుంచి బాలస్వామి అనే రైతు కొత్త పికప్ తీసుకుపోవడానికి బంధువులతో వచ్చాడు. అదే మోడల్. బంతిపూల దండలు వేశారు, నాలుగు టైర్ల కిందా నిమ్మకాయలు పెట్టారు, పూజారి కొబ్బరికాయ కొట్టేశాడు. అరుణ్ కుమార్ అట్టతో చేసిన పెద్ద తాళంచెవి పట్టుకుని ఫోటోకు నిలబడ్డాడు. శివజ్యోతి లడ్డూల పళ్ళెం పట్టుకుని ఉంది.

మహబూబ్ బీ సరాసరి ఆ ఫోటోలోకే నడిచింది.

"లోపల కూర్చోండమ్మా, వస్తాను," అన్నాడు అరుణ్ కుమార్ పళ్ళబిగువున.

"ఈడనే బాగుండాది సార్. గాలి వస్తాండాది." భుజం మీది మలారం దించి లడ్డూల బల్ల మీద పెట్టింది. "మా ఒక్కరి బండికే అంటిరి. ఇవి పదకొండు బండ్లవి. అన్నీ ఒకే చోట పగిలినాయి. చూడండి."

"ఇవి ఎవరి బండ్లవో నాకెలా తెలుసు? బయట మెకానిక్‌లు చెయ్యి పెట్టిన వాటికి మేం బాధ్యులం కాము."

"సరే. నా కొడుకు బయట ఎవురికీ చూపించలే. మీ మాట ఇన్నోడు ఈ పన్నెండు మందిలో వాడొక్కడే. ఇంజిన్ పోయింది గూడ వాడొక్కనిదే. వాని బండి పైపు తెప్పించండి."

అరుణ్ కుమార్ అవసరం లేదన్నాడు. బాలస్వామి మాత్రం "తెప్పించండి సార్, చూస్తే ఏం పాయ," అన్నాడు. కొనేవాడు అడిగితే కాదనడానికి వీల్లేదు గదా. లోపలినుంచి ఫిట్టర్ ఒక ఇనుప ట్రే తెచ్చాడు. విప్పిన ఇంజిన్ సామాన్లన్నీ అందులో ఉన్నాయి. వాటి అడుగున, ఎవరూ తుడిచి కూడా చూడని ఆ నల్ల పైపు.

మహబూబ్ బీ దాన్ని కొంగుతో తుడిచి వెలుతురుకు ఎత్తింది. వంపు లోపలి వైపు చీలిక. చీలిక చుట్టూ పచ్చటి గడ్డ, దాని మీద పలచగా తెల్లటి ఉప్పు.

"పన్నెండు," అంది. "అడుగున పచ్చగుండాది సార్, తెలుపు దాని మీద పట్టింది. ముందు మీ పైపు పగిల్య. మీ కూలెంట్ కారిపాయ. ఆ తరువాత మావాడు నీళ్ళు పోసె. మీరు ఈ పైపు తీసి చూసిందే లేదు. బోరు నీళ్ళు కనపడంగానే కాగితం రాసి మూసేస్తిరి."

అరుణ్ కుమార్ పైపు చూశాడు, బాలస్వామిని చూశాడు. గొంతు ఉన్నట్టుండి మెత్తబడింది. ఆమెను పక్కకు తీసుకుపోయి, మానవతా దృష్టితో ఆమె బండి ఒక్కదాన్ని ఉచితంగా బాగు చేయిస్తానన్నాడు. రెండు నిమిషాల్లో ఒక కాగితం వచ్చింది. అడుగున సంతకానికి గీత.

అక్బర్ మొహం వెలిగింది. పెన్ను కోసం చెయ్యి చాచాడు. "పెట్టేద్దాం లేమ్మా. బండి వస్తాది గదా."

"ఉండు. పాపా, దీంట్లో ఏముండాదో చదువు."

శివజ్యోతి లడ్డూల పళ్ళెం దించి కాగితం అందుకుంది. "డ్రైవర్ నిర్లక్ష్యం వల్ల ఇంజిన్ పాడైనప్పటికీ, కంపెనీ దయతో..."

"నీ చెయ్యి తియ్‌రా!"

ఆ కేకకు పూజారి కూడా ఉలిక్కిపడ్డాడు. మహబూబ్ బీ మేనేజర్ వైపు తిరిగింది. "దయనా? ఎవురికి సార్ మీ దయ? ముప్పై ఏండ్లు గాజులమ్మినా. నా చేతిలో పగిలిన గాజుకు ఒక్క ఆడపిల్లనూ నీ చెయ్యి మంచిది కాదని అనలేదు. తొడిగి చెయ్యి వదిలేదాంకా నష్టం నాదే అని బతికినా. మీరు రెండేండ్లు చెయ్యి వదలము అని అచ్చుకొట్టి ఇచ్చినారు. ఇంకా పది నెలలుండాది. మీ చేతిలో ఉండంగానే పగిలింది. పగలగొట్టుకోని, నా కొడుకుకు చెయ్యి తిరగదు అని రాస్తారా? వాడు ఆ మాట నమ్మి, రేపు గనిలో మట్టి మొయ్యనీకె పోతాండాడు. బండి ఇయ్యకున్నా పర్వాలేదు. ముందు ఆ మాట కొట్టెయ్యండి."

"అమ్మా, గొడవ చేయకండి. ఇంకే బండికీ లేదని రికార్డులోనే..."

మహబూబ్ బీ అతని వైపు చూడటం మానేసింది. "పాపా శివజ్యోతీ. ఇంకే బండికీ లేదు అనే మాట నువ్వే గదా టైపు కొట్టేది. ఇంతవరకు ఎన్నిసార్లు కొట్టినావు?"

శివజ్యోతి మొహం తెల్లబోయింది.

"శివజ్యోతీ, నువ్వు లోపలికి వెళ్ళు," అన్నాడు అరుణ్ కుమార్.

పిల్ల లోపలికి వెళ్ళిపోయింది. గాజుల చప్పుడు కూడా లోపలికి వెళ్ళిపోయింది. అంతే, అయిపోయింది అనుకుంది మహబూబ్ బీ. ఉద్యోగం చేసుకునే పిల్ల, ఆమె మాత్రం ఏం చేస్తుంది? మలారం తీసుకుందామని వంగింది.

అద్దాల తలుపు మళ్ళీ తెరుచుకుంది. శివజ్యోతి చేతిలో ప్రింటు తీసిన కాగితాలు రెండున్నాయి, ఇంకా వెచ్చగా. మేనేజర్ వైపు చూడకుండా, పాఠం అప్పజెప్పే పిల్లలా గబగబా చెప్పింది. "నలభై ఒకటి. ఈ పద్నాలుగు నెలల్లో నలభై ఒక్క బండ్లకు. అన్నింటికీ ఇదే మాట. నేనే కొట్టాను."

బాలస్వామి మెల్లగా వంగి, కొత్త బండి ముందు టైరు కింద నుంచి ఒక నిమ్మకాయ తీశాడు. తరువాత రెండోది. "ఈ పూట బండి కదిలించొద్దులే సార్," అన్నాడు. "ముందు ఆయమ్మది తేల్చండి. మల్ల నాది చూద్దాం."

అంతసేపూ పైపులు చెప్పినా, పచ్చమరక చెప్పినా దిగిరాని అరుణ్ కుమార్ ఆ రెండు నిమ్మకాయలకు దిగొచ్చాడు. మహబూబ్ బీకి ఇది చూస్తే ఇంకా ఒళ్ళు మండింది. నిజం మాటకు లేని విలువ అమ్మకానికి ఉంది! అయినా సరే అని నిలబడింది. అతను ఎవరితోనో ఫోన్లో పావుగంట మాట్లాడాడు. జాబ్ కార్డు తెప్పించి, నిర్లక్ష్యం అన్న మాట మీద అడ్డంగా గీత కొట్టి, పైన రాసి, సంతకం చేసి, ముద్ర వేశాడు. మహబూబ్ బీ శివజ్యోతితో మూడుసార్లు చదివించుకుంది. "కూలెంట్ పైపు తయారీ లోపం. డ్రైవర్ తప్పు లేదు. వారంటీ కింద ఇంజిన్ మార్చాలి."

"మిగిలిన నలభై మంది?" అంది.

"వాళ్ళు వస్తే చూస్తాం."

"వస్తారు," అంది మహబూబ్ బీ.

అక్బర్ ఆ కాగితం తీసుకుని తనే చదువుకున్నాడు. "డ్రైవర్ తప్పు లేదు" దగ్గర వేలు ఆగిపోయింది. బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చుని చాలాసేపు ఏడ్చాడు. ఆమె ఓదార్చలేదు. ఎనిమిది నెలల ఏడుపు అది, బయటికి రానివ్వాలి. ఆస్పరి దాటాక కళ్ళు తుడుచుకుని కాంట్రాక్టరుకు ఫోన్ చేసి, రానని చెప్పాడు.

ఆలూరు యార్డు దగ్గర దిగేసరికి నాలుగైంది. రేకుల షెడ్డు కింద పికప్పులు వరసగా నిలబడి ఉన్నాయి. డ్రైవర్లు ఏడెనిమిది మంది, నలుగురైదుగురు రైతులు, హమాలీలు. నరసన్న తన బండి మెట్టు మీద కూర్చుని ఉన్నాడు.

"ఏమప్పా అక్బరూ," అని అరిచాడు ఒకడు, "వారమాయె, బండి యాడ? పంచరా?"

అందరూ నవ్వారు. ఎనిమిది నెలలుగా అక్బర్ ఆ మాటకు ఊ కొట్టి తప్పించుకుంటున్నాడు. ఈసారి నడిచేవాడు ఆగాడు. రైతులు వింటున్నారని తెలుసు. మహబూబ్ బీ భుజం మీది మలారం అందుకుని, అందరికీ కనబడేలా చేత్తో ఎత్తి పట్టుకున్నాడు.

"పంచరు కాదు," అన్నాడు. "పైపు పగిల్య. ఇంజిన్ పాయ. కంపెనీ తప్పని రాయించుకోని వచ్చినాము. నా ఒక్కనిదే కాదంట, నలభై ఒకటంట." నరసన్న వైపు తిరిగాడు. "నీది ఏమైందన్నా?"

నవ్వులు ఆగిపోయాయి. నరసన్న రైతుల వంక చూశాడు, సీటు వెనక దాచిన నీళ్ళ క్యాన్ల వంక చూశాడు. ఆ తరువాత మెట్టు మీద నుంచి లేచి, అందరూ చూస్తుండగా బండి ముందుకొచ్చి బానెట్ ఎత్తాడు.